గోడకెక్కని ఛాయాచిత్రము

మన యిండ్లలో ఏ గోడ చూచినను దేవతల పటములు, పెద్దల పటములు, వివాహ సమయమున స్టూడియోవారు తీసిన పటములు కనబడుచుండును. ఆ యింటి యిల్లాలు తన చేతులతో తీసిన చిత్రములు మాత్రము వేలకొలదిగా ఫోనులోనే పడియుండును. "ఇంత చక్కగా తీసితివి గదా, అచ్చు వేయించి గోడకు తగిలింపరాదా?" అని యెవరైన అడిగినచో, "అబ్బే, ఏదో పొద్దుపోక తీసినది. కాకిపిల్ల కాకికి ముద్దు" అని నవ్వి మాట తప్పింతుము. మేమును చాలకాలము అట్లే నవ్వుచు వచ్చితిమి. ఆ సంకోచమువలన మాకు కలిగిన నష్టమును చెప్పుకొనుటకే యీ వ్యాసము.

ఒక వేసవి ఉదయమున మా అత్తగారు డాబాపై వడియములు పెట్టుచుండిరి. కాకి యొకటి వచ్చి గిన్నె యంచున వాలగా, దానిని అదలింపబోయి, తమలో తామే నవ్వుకొనిరి. మేము ఆ క్షణముననే చిత్రము తీసితిమి. కొంగు నడుమునకు దోపుకొని, వ్రేళ్లకు పిండి యంటియుండగా, నోరార నవ్వుచున్న ముఖ మది. కాని చిత్రము కొంచె మొరిగినది; ఒక మూలను బట్టలు ఆరవేయు తీగె అడ్డుపడినది. చూచినవారు ఏమనుకొందురో యని దానిని ఎవరికిని చూపలేదు.

రెండేండ్లు గడచినవి. ఆమె హఠాత్తుగా కాలధర్మము నొందిరి. పెద్దకర్మనాటికి పటము కావలసివచ్చెను. ఇంటిల్లిపాదియు వెదకి వెదకి, తుదకు ఆధార్ కార్డు మీది చిత్రమునే పెద్దది చేయించి దండ వేసిరి. బెదరిన కన్నులు, బిగిసిన పెదవులు. ఆమెను ఎరిగినవారికి అది ఆమెవలె లేదు. మాకు వడియములనాటి చిత్రము జ్ఞప్తికి వచ్చినది. అయినను బంధువుల నడుమ దానిని బయట పెట్టుటకు ధైర్యము చాలక ఊరకుంటిమి.

సంవత్సరీకము సమీపించినప్పుడు మనస్సు గట్టి చేసికొని, దానిని అచ్చు వేయించి తెచ్చి వసారాలో తగిలించితిమి. మామగారు కండువా సర్దుకొనుచు వచ్చి, దాని యెదుట చాలసేపు నిలుచుండిరి. "అమ్మాయీ, ఇది ఎప్పుడు తీసితివి?" అని అడిగిరి. చెప్పితిమి. "ఇన్నాళ్లు ఏల చూపలేదు?" అనిరి. చిత్రము ఒరిగినదనియు, తీగె అడ్డు వచ్చినదనియు గొణిగితిమి. ఆయన మరల పటమువైపు చూచి, "తీగె యెక్కడ?" అనిరి.

సోదరీమణులారా, ఆ ప్రశ్న మాకొక పాఠమైనది. తీసినవారికి తాము తీయదలచినది యేదో తెలియును గనుక, తప్పిపోయినదే మొదట కంటబడును. చూచువారికి ఆ లెక్క యేమియు లేదు. వారు ఎదుటనున్నదానిని చూతురు. తమకు ప్రియమైనది కనబడినచో అక్కడనే నిలిచిపోదురు. పైగా నేడు ప్రపంచములోని మేటి చిత్రములన్నియు మన యరచేతిలోనికే వచ్చుచున్నవి. వానితో పోల్చుకొని మన చిత్రములను మనమే త్రోసివేయుచున్నాము. కాని ఆ మేటివారిలో నొక్కరైన మన డాబా మెట్లెక్కి రాలేదు గదా!

ఈ సంకోచము మనకు మాత్రమే కలిగినది కాదు. 1815వ సంవత్సరమున కలకత్తాలో జన్మించిన జూలియా మార్గరెట్ కామెరాన్ అను ఆంగ్లవనితకు, 1863వ సంవత్సరాంతమున కుమార్తెయు అల్లుడును ఒక కెమేరాను కానుకగా నిచ్చిరి. అప్పటి కామె వయస్సు 48 ఏండ్లు. బొగ్గుల కొట్టును చీకటిగదిగాను, కోళ్లగూటిని గాజు పలకల స్టూడియోగాను మార్చుకొని పని యారంభించినది. ఆమె తీసిన ముఖచిత్రములు మసకగా నున్నవనియు, పనితన మెరుగనివి యనియు ఆనాటి ఛాయాచిత్ర పత్రికలు ఎగతాళి చేసినవి. అయినను ఆమె దాచుకొనలేదు. అచ్చులు తీసి ప్రదర్శనలకు పంపుచునే యుండెను. 1865లో లండను నగరమందలి సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియమువారు వానిని కొనిరి. నాడు దోషమని పేరు పడిన ఆ మసకయే నేడు ఆమె చిత్రములను గుర్తుపట్టు ఆనవాలైనది.

మన దేశమున 1913లో నవసారిలో పుట్టిన హోమై వ్యారావాలా గారి సంగతి చూడుడు. ఆమె మొదట తీసిన చిత్రములు కొన్ని ఆమె భర్త పేరుతోనే పత్రికలయందు వెలువడినవి. స్త్రీ తీసిన చిత్రమనిన ఆ రోజులలో లోకమున కంతటి శంక. పిదప భారత స్వాతంత్ర్యోదయమును తమ కెమేరాలో నిలిపి, దేశమున తొలి మహిళా పత్రికా ఛాయాగ్రాహకురాలిగా ప్రసిద్ధి కెక్కిరి. 2010లో ఢిల్లీలోని జాతీయ ఆధునిక కళాశాలయందు ఆమె చిత్రముల ప్రదర్శనము జరిగినది. 2011లో పద్మవిభూషణ బిరుదము లభించినది. లోకము శంకించినప్పుడే ఆమె కెమేరా మూసి యుంచినచో మన కెంత లోటు!

మనకు బిరుదములు అక్కరలేదు. ఒక గోడ చాలును. అందులకు మేము నేర్చుకొనిన కొన్ని మెలకువలను చెప్పెదము.

మొదట పది చిత్రములను 4 అంగుళములు, 6 అంగుళముల చిన్న కొలతలో అచ్చు వేయింపుడు. వెల స్వల్పము గనుక భయము తగ్గును. వానిని బీరువా తలుపున అంటించి ఒక వారము చూచుచుండుడు. ఏడవనాడును కన్ను దేనిపై నిలుచునో దానిని పెద్దదిగా వేయింపుడు. అంగుళమునకు 300 చుక్కల చొప్పున, 8 అంగుళములు, 12 అంగుళముల అచ్చునకు 2400కు 3600 పిక్సెళ్లు కావలెను. వాట్సాప్‌లో మామూలుగా పంపిన చిత్రము కుదించుకొనిపోవును గనుక, ఫోనులోని అసలు చిత్రమునే స్టూడియోవారి కిండు. ఫోను తెర స్వయముగా వెలుగు నిచ్చును. కాగితమునకు ఆ వెలుగు లేదు. కావున అచ్చు కొంత చీకటిగా కనబడును. చిత్రమును ముందుగా కొంచెము వెలుగు చేయించినచో ఆశాభంగ ముండదు.

కిటికీకి ఎదురుగా తగిలించువానికి నిగనిగలాడు కాగితముకంటె మ్యాట్ కాగితము మేలు. అద్దము చిత్రమునకు తగులకుండ నడుమ అట్టచట్రము పెట్టింపుడు. లేనిచో వానకాలపు చెమ్మకు చిత్రము అద్దమునకు అంటుకొనిపోవును. ఎండ నేరుగా పడు గోడయు, చెమ్మ దిగు గోడయు పనికిరావు. పటము మధ్యభాగము నిలుచున్నవారి కంటి యెత్తున నుండవలెను. పటము వెనుక అట్టపై ఎవరు, ఎక్కడ, ఏ సంవత్సరము అని వ్రాసి, తీసిన మీ పేరును తప్పక వ్రాయుడు. ఇంటి చిత్రములన్నిటిలో తరచుగా కనబడనిది వానిని తీసిన యిల్లాలే గదా!

మా వసారాలో ఇప్పుడు ఏడు పటములున్నవి. వచ్చినవారిలో కొందరు చూతురు, కొందరు చూడరు. ఒకరు వంకర యని నవ్విరి కూడ. దానివలన మాకు కలిగిన హాని యేమియు లేదు. మామగారు మాత్రము ప్రతిదినము కాఫీ గ్లాసుతో వచ్చి, వడియముల పటమునకు ఎదురుగానున్న కుర్చీలోనే కూర్చుందురు. ఆమె బ్రతికియుండగనే ఆ పటమును తగిలించియుండిన, ఆమెయు చూచుకొని మరల నవ్వియుండెడివారు. మాకు తప్పిపోయిన ఆ భాగ్యము మీకు తప్పకుండుగాక. ఈ దినముననే ఒక్క చిత్రము నేరి అచ్చునకు పంపుడు.