ఆరోగ్యశ్రీని ఏ కొలతతో చూడాలి?

ఆరోగ్యమే మహాభాగ్యం అన్నారు పెద్దలు. కానీ పేదింట్లో పెద్ద జబ్బు వస్తే ఆరోగ్యంతో పాటు ఉన్న కాస్త పొలం, మెళ్లో పుస్తెలు కూడా పోయేవి. ఆ బాధ తీర్చడానికి 2007 ఏప్రిల్ 1న రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలైంది. మొదటి మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్, అనంతపురంతో పాటు మన శ్రీకాకుళం ఉంది. 2008లో విజయనగరంతో సహా రాష్ట్రమంతటికీ విస్తరించింది.

ఇది బీమా వంటిదే. అయితే సభ్యుడు ప్రీమియం కట్టనక్కర్లేదు. మొదట్లో తెల్ల రేషన్ కార్డే సభ్యత్వం. కుటుంబానికి ఏడాదికి మొదట్లో 2 లక్షల రూపాయల వరకు ఉన్న పరిమితి 2019 నాటికి 5 లక్షలకు, 2023 డిసెంబరులో 25 లక్షలకు పెరిగింది. 2024లో పథకం పేరు ఎన్.టి.ఆర్. వైద్యసేవగా మారింది.

పరిమితి పెరిగినంత మాత్రాన మేలు కూడా అంతే పెరిగిందనలేం. బీమా మంచి చెడ్డలు తేల్చడానికి మేము మూడు ప్రశ్నలు వేసుకుంటాం. అవసరమైన వైద్యం అందులో ఉందా? ఆసుపత్రి అందుబాటులో ఉందా? చివరికి జేబులోంచి ఎంత పోయింది?

మొదటిది చూద్దాం. గుండె ఆపరేషన్, క్యాన్సర్ చికిత్స వంటి వాటికి ఈ పథకం ఎందరికో ప్రాణం పోసింది. కానీ ఇది ప్రధానంగా ఆసుపత్రిలో చేరిన వారి కోసం. నెలనెలా కొనే బీపీ, షుగర్ మాత్రల భారం ఎక్కువగా ఇంటి మీదే పడుతుంది. ఆ మాత్రలు మానేస్తే వచ్చేది పెద్ద జబ్బే.

మిగతా రెండింటికీ ఉద్దానమే ఉదాహరణ. కవిటి, సోంపేట, కంచిలి ప్రాంతాల్లో కిడ్నీ జబ్బు ఇంటింటి కథ. పథకం కింద డయాలసిస్ ఉచితం. కానీ వారానికి రెండు మూడుసార్లు వెళ్లాలి. రోగి కూలి, తోడు వెళ్లిన మనిషి కూలి పోతాయి, ఆటో ఖర్చు అదనం. ఇచ్ఛాపురం నుంచి విశాఖ పెద్దాసుపత్రికి పోవాలంటే రెండు వందల కిలోమీటర్లకు పైమాటే. 2019లో డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఇవ్వడం, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభించడం ఈ లోటును గుర్తించడమే.

కనుక మిత్రులారా, సెలవులకు ఇంటికెళ్లినప్పుడు పెద్దవాళ్లకు బీపీ, షుగర్ పరీక్షలు చేయించండి. ఆసుపత్రికి వెళ్తే ముందు ఆరోగ్యమిత్రను కలవండి. ప్రతి రసీదూ దాచండి. మన ఇళ్లలో జరిగిన ఖర్చు లెక్క మన దగ్గరుంటేనే పథకంలో లోటెక్కడుందో అడగగలం.