పేదరికం దాటించే రెండేళ్ల తోడు

నిరుపేద కుటుంబానికి ఆవును ఇచ్చి వదిలేస్తే, తిండిగింజలు నిండుకున్న రోజున అది సంతకు చేరుతుంది. ఈ చిక్కును దృష్టిలో ఉంచుకొని బంగ్లాదేశ్ స్వచ్ఛంద సంస్థ బ్రాక్ 2002లో కొత్త కార్యక్రమం చేపట్టింది. తమలో అత్యంత పేదలెవరో గుర్తించడంలో గ్రామస్థులే పాలుపంచుకుంటారు. ఎంపికైన మహిళకు పశువులో, చిన్న వ్యాపారానికి సరుకో అందుతుంది. వాటిపై రాబడి మొదలయ్యేవరకు తిండి ఖర్చులకు భృతి, పెంపకంలో శిక్షణ, పొదుపు అలవాటు తోడవుతాయి. సుమారు రెండేళ్లపాటు కార్యకర్తలు ఇంటికి వచ్చి బాగోగులు చూస్తారు.

పశ్చిమ బెంగాల్‌లో బంధన్ సంస్థ ఇదే బాట పట్టింది. భారత్, పాకిస్థాన్ సహా 6 దేశాల్లో జరిగిన అధ్యయనం 2015లో వెలువడింది. సాయం ముగిసిన ఏడాది తర్వాత కూడా ఆ కుటుంబాలు, సాయం అందని కుటుంబాలకన్నా మొత్తంమీద మెరుగ్గా ఉన్నాయని తేలింది. ఇచ్చిన ఆస్తి నిలిచేది, దాని వెంట నడిచే తోడు వల్లనే.