పాత మియాటాకు షార్ట్ షిఫ్టర్: కొనే ముందు ఉన్న గేర్ రాడ్‌ను ఒకసారి విప్పి చూడండి

పిస్కాటవే, ఎడిసన్ వైపు మన ఇళ్ల డ్రైవ్‌వేల్లో కామ్రీలు, ఒడిస్సీలు, టెస్లాలే ఎక్కువ. వాటి మధ్య అక్కడక్కడ ఒక బుల్లి బండి కనబడుతుంది. రెండే సీట్లు, గుడ్డ టాప్, బటన్ నొక్కితే పైకి లేచే హెడ్‌లైట్లు. అదే మాజ్డా మియాటా. రట్గర్స్ బుష్ క్యాంపస్‌లో ఇంజినీరింగ్ చదివే పిల్లలకు, మొదటి ఉద్యోగంలో చేరిన కుర్రాళ్లకు అందుబాటు ధరలో దొరికే పాత స్పోర్ట్స్ కార్లలో ఇది ముందుంటుంది.

1989 ఫిబ్రవరిలో చికాగో ఆటో షోలో మియాటాను తొలిసారి చూపించారు. తొలి తరం 1997 వరకు నడిచింది, నాలుగు లక్షలకు పైగా తయారయ్యాయి. అంటే అందులో చివరి బండికి కూడా పాతికేళ్లు దాటాయి. ఈ బండి కొన్నవాళ్లు మొదట మార్చాలనుకునేది చాలాసార్లు గేర్ రాడ్‌నే. చెయ్యి ఎప్పుడూ దాని మీదే ఉంటుంది కాబట్టి అది వదులైనా, బిగుసుకున్నా ముందు తెలిసేది చేతికే. ఆన్‌లైన్‌లో వెతికితే "షార్ట్ షిఫ్టర్ వేయించుకోండి" అనే సలహా వెంటనే దొరుకుతుంది. కానీ షార్ట్ షిఫ్టర్ గేరు దూరాన్ని తగ్గిస్తుందే తప్ప జబ్బును నయం చేయదు. జబ్బు ఉన్న బాక్సుకు వేస్తే దాన్ని ముదరబెట్టే అవకాశం కూడా ఉంది. అందుకే ఏది ముందు, ఏది తర్వాత అన్నది తెలుసుకుని దిగడం మంచిది.

గేర్ రాడ్ అంటే గడ్డపారే

బండరాయిని లేపేటప్పుడు గడ్డపార కింద ఒక చిన్న రాయి ఆనించి, పైకొస పట్టుకుని నొక్కుతాం. కొస ఎంత దూరంగా పట్టుకుంటే అంత తేలిక. కాకపోతే చెయ్యి ఎక్కువ దూరం కదలాలి. గేర్ రాడ్ లెక్క కూడా అదే. మన ఆర్టీసీ బస్సుల్లో డ్రైవరు పక్కన అంత పొడుగాటి రాడ్ ఎందుకుంటుందో గుర్తు చేసుకోండి. పెద్ద గేరు బాక్సును ఒంటిచేత్తో కదిలించాలంటే ఆ పొడుగు కావాలి.

మియాటా గేర్ రాడ్‌కు దిగువన గుండ్రటి బాల్ ఉంటుంది. రాడ్ అటూ ఇటూ తిరిగేది దాని ఆధారంగానే. బాల్‌కు పైన ఉన్న భాగం మన చేతిది, కింద ఉన్న చిన్న భాగం గేరు బాక్సుది. ఒక ఉదాహరణ చూద్దాం. పైభాగం 20 సెంటీమీటర్లు, కింది భాగం 4 సెంటీమీటర్లు అనుకుంటే నిష్పత్తి 5:1. కింద 1 సెంటీమీటరు కదలాలంటే చెయ్యి 5 సెంటీమీటర్లు కదలాలి. చేత్తో 2 కిలోల బలం పెడితే కింద 10 కిలోలు అందుతుంది.

షార్ట్ షిఫ్టర్‌లో బాల్‌ను కాస్త పైకి జరిపి కింది భాగాన్ని పొడిగిస్తారు. అది 6 సెంటీమీటర్లు అయిందనుకోండి. చెయ్యి ఇప్పుడు సుమారు 3.3 సెంటీమీటర్లు కదిలితే చాలు. మూడో వంతు దూరం తగ్గింది. కానీ కింద అదే 10 కిలోలు అందాలంటే చేత్తో 3 కిలోలు పెట్టాలి. శ్రమ ఒకటిన్నర రెట్లయింది. దూరంలో మిగిలింది బలంలో పోయింది. ఏ కంపెనీ షిఫ్టరైనా ఈ లెక్కను తప్పించుకోలేదు.

ఆ బలం ఎక్కడికి వెళ్తుంది?

గేరు మార్చినప్పుడు లోపల రెండు భాగాలు వేర్వేరు వేగాలతో తిరుగుతుంటాయి. వాటిని నేరుగా కలిపితే కరకరమంటాయి. అలా కాకుండా మధ్యలో సింక్రోనైజర్ అనే ఇత్తడి ఉంగరం లాంటిది ఉంటుంది. అది గేరు మీది శంకువు ఆకారపు అంచుకు రాసుకుని రెండింటి వేగాన్నీ సమానం చేస్తుంది. వేగాలు కలిశాకే దారి ఇస్తుంది. దీనికి సెకనులో కొంత భాగం పడుతుంది. ఆ కాస్త సమయం దానికి ఇవ్వాలి.

షార్ట్ షిఫ్టర్ వేశాక దూరం తగ్గింది కదా అని చెయ్యి విసురుగా లాగుతుంది. సింక్రో పని పూర్తికాకముందే గేరును లోపలికి తోస్తాం. కొత్త బాక్సు కొన్నాళ్లు ఓర్చుకుంటుంది. ముప్పై ఏళ్ల బాక్సులో, అప్పటికే సగం అరిగిన సెకండ్ గేరు సింక్రో అంత ఓర్చుకోదు. సింక్రో పోతే బాక్సు మొత్తం దించి విప్పాలి. షిఫ్టర్ ధర ఆ బిల్లు ముందు ఏ మూలకూ రాదు.

ముందు జబ్బు ఏమిటో చూడండి

విడిభాగాలు ఆర్డర్ చేసేముందు ఈ పరీక్షలు చేయండి. వీటికి పైసా ఖర్చు లేదు.

ఇంజిన్ ఆపి, క్లచ్ తొక్కి గేర్లన్నీ వేసి చూడండి. అప్పుడు హాయిగా పడుతూ, ఇంజిన్ స్టార్ట్ చేశాక ఫస్టు, రివర్సు మొండికేస్తే తప్పు గేర్ రాడ్‌ది కాదు. క్లచ్ పూర్తిగా విడవడం లేదు. ఈ తరం మియాటాల్లో క్లచ్ స్లేవ్ సిలిండర్ కారడం బాగా తెలిసిన సమస్య. రిజర్వాయర్‌లో ఫ్లూయిడ్ తగ్గిందేమో, పెడల్ మెత్తగా కిందికి దిగిపోతోందేమో చూడండి.

బండి నడుస్తున్నప్పుడు ఒకే ఒక్క గేరులో, ముఖ్యంగా సెకండ్‌లో, కరకరమంటే ఆ గేరు సింక్రో అరిగిందని అనుమానించాలి. ఇక్కడ షార్ట్ షిఫ్టర్ వేయడమంటే పుండు మీద కారం చల్లడమే.

గేరులో ఉన్నా రాడ్ అటూ ఇటూ ఊగుతుంటే, ఏ గేరులో ఉందో చేతికి తెలియకపోతే, రాడ్ కింది కొసకు ఉండే నైలాన్ బుష్ అరిగిపోయి ఉంటుంది. ఒక్కోసారి ముక్కలై ఉంటుంది.

అన్ని గేర్లూ ఒకేలా బిగుసుగా, గరుగ్గా పడుతుంటే రాడ్ కూర్చునే గూటిలో నూనె ఎండిపోయి ఉండవచ్చు. జనవరి చలిలో పొద్దున్నే మొదటి పది నిమిషాలు సెకండ్ గేరు మొరాయించడం వేరు. చలికి నూనె చిక్కబడటం వల్ల అలా అవుతుంది. బండి వేడెక్కాక సర్దుకుంటే కంగారు అక్కర్లేదు.

రాడ్ చుట్టూ వేడిగాలి, రోడ్డు మోత లోపలికి వస్తుంటే రబ్బరు బూట్లు చిరిగాయి. మన దగ్గర చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. చిరిగిన బూటు గుండా ఆ ఉప్పునీటి తేమ పైకి ఎక్కితే తుప్పు మొదలవుతుంది.

చివరి మూడు లక్షణాల్లో ఏది ఉన్నా మందు ఒకటే. ఉన్న గేర్ రాడ్‌ను విప్పి శుభ్రం చేసి, బుష్, బూట్లు, నూనె మార్చడం. సాధారణంగా వంద డాలర్ల లోపు సామానుతో ఒక శనివారం పూటలో అయిపోతుంది.

పని ఎలా చేయాలి?

ఐదు గేర్ల తొలి తరం మియాటాలో గేర్ రాడ్ నేరుగా గేరు బాక్సు పైభాగంలోకే దిగుతుంది. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లలోలాగా మధ్యలో పొడుగాటి కేబుళ్లు ఉండవు. అందుకే ఈ పనికి బండిని జాకీ మీద ఎత్తాల్సిన అవసరం లేదు. అంతా లోపల కూర్చునే చేయవచ్చు.

సమతలంగా ఉన్న చోట ఆపి, ఇంజిన్ చల్లారాక, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డం పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచండి. గేర్ నాబ్ తిప్పి తీయండి. కన్సోల్ స్క్రూలు విప్పి మెల్లగా పైకి లేపండి. పవర్ విండో బటన్లు ఉన్న బండ్లలో వాటి వైర్లు కన్సోల్ కిందే ఉంటాయి, లాగితే తెగుతాయి.

పెద్ద రబ్బరు బూటు తీస్తే కింద చిన్న బూటు, దాన్ని పట్టి ఉంచే మూడు బోల్టులు కనిపిస్తాయి. చుట్టూ ఉన్న మట్టి, ఇసుక ముందే తుడిచేయండి. తర్వాత బోల్టులు విప్పి రాడ్‌ను నేరుగా పైకి తీయండి. వాషర్లు ఏ వరసలో, ఏ వైపుకి ఉన్నాయో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. తెరిచిన గూటి మీద శుభ్రమైన గుడ్డ కప్పి ఉంచండి. అందులో బోల్టు పడితే పూటలో అయ్యే పని రెండు రోజులకు సాగుతుంది.

రాడ్ కొసన పాత నైలాన్ బుష్ లేకపోతే అది గూటిలోనే ఉండిపోయిందన్నమాట. ముక్కలన్నీ ఏరి తీయాలి. పాత నూనెను సిరంజితో పీల్చి తీసి, కొత్త 75డబ్ల్యూ-90 గేర్ ఆయిల్ పోయండి. ఈ గూటికి పట్టేది సుమారు 90 మిల్లీలీటర్లు, ఒక చిన్న టీ గ్లాసుడు. గేరు బాక్సులో ఉండే రెండు లీటర్ల నూనె వేరు, ఇది వేరు. బాక్సు నూనె మార్చినంత మాత్రాన ఈ గూడు నిండదు. ఏళ్ల తరబడి ఇది ఎండిపోయి ఉండటానికి కారణం అదే.

నూనె ఎంపికలో ఒక జాగ్రత్త. కొన్ని జీఎల్-5 నూనెల్లోని గంధకపు రసాయనాలు ఇత్తడి సింక్రోలకు పడవు. సింక్రో ఉన్న మాన్యువల్ గేరు బాక్సులకు సరిపోతుందని డబ్బా మీద స్పష్టంగా రాసి ఉన్నదే కొనండి.

కొత్త బుష్‌కు కొద్దిగా గ్రీజు రాసి ఎక్కించండి, కొత్త చిన్న బూటు తొడిగి రాడ్‌ను కూర్చోబెట్టండి. బోల్టులు అల్యూమినియంలోకి దిగుతాయి కాబట్టి బలమంతా పెట్టి బిగిస్తే మరలు ఊడిపోతాయి. కన్సోల్ మూసేముందు ఇంజిన్ ఆపి ఉండగానే ఐదు గేర్లు, రివర్సు పూర్తిగా పడుతున్నాయో లేదో చూడండి. కొత్త బూటు బిగువుగా ఉండి రాడ్‌ను వెనక్కి లాగుతుంటే గేరు జారిపోయే ప్రమాదముంది. తీసిన పాత నూనెను డ్రైన్‌లో పోయకండి. డబ్బాలో పోసి, వాడిన నూనె తీసుకునే రీసైక్లింగ్ కేంద్రంలోనో ఆటో పార్ట్స్ దుకాణంలోనో ఇవ్వండి.

అయినా షార్ట్ షిఫ్టర్ కావాలంటే

ఇదంతా అయ్యాక ఒక నెల నడపండి. చాలామందికి అక్కడితోనే తృప్తి కలుగుతుంది. ఎందుకంటే ఈ బండి గేరు దూరం కంపెనీ నుంచి వచ్చేటప్పుడే తక్కువ. ఇంకా మార్పు కావాలంటే రెండో మెట్టు బరువైన గేర్ నాబ్. నిష్పత్తి మారదు, కానీ ఆ బరువు ఊపు మీద గేరు మెత్తగా పడినట్టు అనిపిస్తుంది. తొలి తరం మియాటా నాబ్ మర కొలత ఎం10×1.25, కొనేటప్పుడు చూసుకోండి. లోహపు నాబ్ జులైలో చెయ్యి కాలుస్తుంది, జనవరిలో మొద్దుబారుస్తుంది.

షార్ట్ షిఫ్టర్ మూడో మెట్టు. సింక్రోలు బాగున్నాయని నమ్మకం కుదిరాకే అటు వెళ్లండి. దూరాన్ని మరీ ఎక్కువ తగ్గించే వాటికంటే మధ్యస్థంగా తగ్గించేవి రోజువారీ వాడకానికి మేలు. ఇత్తడి లేదా గట్టి ప్లాస్టిక్ బుష్‌లు వేస్తే గేరు కచ్చితంగా పడుతుంది గానీ బాక్సు మోత, అదురు చేతికి ఎక్కువ తెలుస్తాయి.

భద్రత గురించి కూడా ఒక మాట. కొన్ని షార్ట్ షిఫ్టర్లలో పక్కకు కదిలే దూరం కూడా తగ్గి గేర్ల వరసలు దగ్గరవుతాయి. రూట్ 287 మీద థర్డ్ నుంచి ఫోర్త్‌కు వెళ్లబోయి సెకండ్‌లో పడితే చక్రాలే ఇంజిన్‌ను దాని హద్దు దాటించి తిప్పేస్తాయి. రెవ్ లిమిటర్ ఇంధనాన్ని ఆపగలదు గానీ చక్రాలను ఆపలేదు. ఇంజిన్ అక్కడికక్కడే పోవచ్చు. కొత్త షిఫ్టర్‌తో ముందు ఖాళీ పార్కింగ్ లాట్‌లో చెయ్యి అలవాటు చేసుకున్నాకే హైవే ఎక్కండి.

ఇంట్లో నేర్పేవాళ్లు ఉన్నారు

అమెరికాలో కొత్త కార్లలో మాన్యువల్ గేరు దాదాపు కనుమరుగైంది. ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలకు దాన్ని నేర్పేవాళ్లు బయట దొరకడం కష్టం. ఇంట్లో మాత్రం సులభంగా దొరుకుతారు. అంబాసిడర్‌లో స్టీరింగ్ పక్కన గేరు వేసినవాళ్లు, మారుతి 800తో నేర్చుకున్నవాళ్లు మన నాన్నల తరంలో కొల్లలు. వాళ్లకు కొత్తగా అలవాటు కావాల్సింది ఒక్కటే. అక్కడ ఎడమచేత్తో ఫస్ట్ గేరుకు రాడ్‌ను మన నుంచి దూరంగా నెట్టేవాళ్లం, ఇక్కడ కుడిచేత్తో మన వైపు లాక్కోవాలి.

నేర్చుకునే చేతికి కంపెనీ ఇచ్చిన పొడుగు రాడే మంచి గురువు. తక్కువ బలంతో పడుతుంది, తప్పు చేస్తే సర్దుకునే సమయం ఇస్తుంది. ఇంట్లో ఇంకొకరు నేర్చుకోవాల్సి ఉంటే షార్ట్ షిఫ్టర్‌ను అప్పటిదాకా వాయిదా వేయడం తెలివైన పని. వేయించుకున్నా, తీసిన అసలు రాడ్‌ను పారేయకండి. నూనె గుడ్డలో చుట్టి గరాజ్‌లో దాచండి. రేపు బండి అమ్మేటప్పుడు కొనేవారు మొదట అడిగేవాటిలో అదొకటి.