ఇసుక తోడితే ఉడుకు నీళ్లు
గోదావరి ఒడ్డున గుండాల వింత

చెంగిచెర్ల: మన చెంగిచెర్ల రాళ్లలో వందల అడుగులు బోరు దింపినా ఒక్కోసారి దుమ్మే లేస్తుంది. భద్రాచలం దగ్గరి గుండాలలో మాత్రం గోదావరి ఒడ్డున ఇసుకలో చెలమ తీస్తే వేడినీళ్లు ఊరుతాయి. ఈ వింత చూపించమని మోకాళ్ల నొప్పులతో బాధపడే మా వాడకట్టు పెద్దమ్మ ఏళ్ల తరబడి అడుగుతోంది. మొన్న చలికాలంలో వెంటబెట్టుకుని వెళ్లాను.

రాత్రి బస్సెక్కితే తెల్లవారేసరికి భద్రాచలం. రామయ్య దర్శనమయ్యాక ఆటోలో ఐదు కిలోమీటర్లు. దూరం తక్కువే కానీ రాష్ట్రం మారుతుంది. 2014 విభజనలో భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోగా గుండాలతో పాటు ఎటపాక, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. ఈ ఐదు ఊళ్లను తిరిగి ఇవ్వాలని తెలంగాణ అడుగుతూ వచ్చింది. ఉడుకు నీళ్లకు మాత్రం ఏ సరిహద్దూ లేదు.

చలికాలంలో బ్రహ్మ, విష్ణు, మహేశ్వరులు ఇక్కడ స్నానమాడారని భక్తుల నమ్మకం. చేతులతో ఇసుక తోడాం. అడుగున నీరు చేరింది. పెద్దమ్మ వేలు ముంచి చటుక్కున వెనక్కి తీసుకుంది.

"పొయ్యి లేదు, పొగ లేదు, నీళ్లెట్ల కాగినయి బిడ్డా?"

"పొయ్యి భూమిలోనే ఉంది పెద్దమ్మా!"

నిజమే. భూమిలో కిలోమీటరు లోతుకు పోతే సుమారు 25 నుంచి 30 డిగ్రీల వేడి పెరుగుతుంది. వాన నీరు పగుళ్ల గుండా బాగా లోతుకు ఇంకి, అక్కడ కాగి, మరో పగులు దొరికితే పైకి తన్నుకొస్తుంది. గోదావరి లోయలో నేల పెద్ద పెద్ద పగుళ్ల వెంట కుంగి ఉంది. అగ్నిపర్వతం ఏదీ అక్కర్లేదు. నది అవతలి గట్టున మణుగూరు మండలం పగిడేరులో బోర్ల నుంచి వేడినీళ్లు మోటారు లేకుండానే ఉబికాయి. ఆ వేడితో కరెంటు తీయడానికి సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల ప్రయోగ కేంద్రం నెలకొల్పింది. మన లెక్కలో ఐదు హార్స్‌పవర్ మోటార్లు ఐదింటికి సరిపోయే కరెంటు!

వెళ్లదలచినవారు వానాకాలంలో వెళ్లరాదు. భద్రాచలం వద్ద గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు పెరిగింది. వరద తీసి ఇసుక తేలాకే చెలమ తీసే వీలు. చెయ్యి పెట్టి చూడకుండా పిల్లల్ని దింపకూడదు.

గంటసేపు కాళ్లకు ఆ నీళ్లు పోసుకున్న పెద్దమ్మ ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది. మూడో రోజుకు నొప్పి మళ్లీ వచ్చింది. వేడి కాపడం పెడుతుంది గానీ అరిగిన కీలును బాగు చేయదు కదా. పెద్దమ్మకు ఆ దిగులు లేదు. సీసాలో పట్టి తెచ్చిన నీళ్లు ఇంటికొచ్చేసరికి చల్లారిపోయాయనే ఆమె బాధ.