పరదేశపు భోజనం దేహానికి సరిపడాలంటే

మా నారాయణఖేడ్ ప్రాంతీయులు జొన్నరొట్టెతో పెరిగినవారు. ఇక్కడినుండి దుబాయి, సౌదీలకు పనికై వెళ్ళేవారు నన్ను తరచుగా అడిగేది, "అక్కడి తిండి మాకు పడుతుందా వైద్యులుగారూ?" అని.

చిరకాలపు అలవాటుచేత దేహానికి హితమైనదానిని ఆయుర్వేదం 'ఓకసాత్మ్యం' అంటుంది. దానిని హఠాత్తుగా విడిస్తే జఠరాగ్ని మందగిస్తుంది. అలవాటు మార్పునకు చరకసంహిత సూత్రస్థానం 7వ అధ్యాయం క్రమం చెప్పింది: పాతదానిని పావువంతు చొప్పున తగ్గిస్తూ, కొత్తదానిని అంతే చొప్పున చేర్చుకోవాలి. ప్రయాణానికి కొన్నాళ్ళ ముందే ఇంట్లో గోధుమరొట్టెతో దీనిని ఆరంభించవచ్చు.

అక్కడి ఖుబూస్ రొట్టెను ఎక్కువగా మైదాతో చేస్తారు. జొన్నలో ఉన్నంత పీచు అందులో లేనందున మలబద్ధకం కలుగుతుంది. కనుక పప్పు, కూరగాయలు తప్పక జతచేయాలి. అక్కడ దొరికే 'లబన్' మన మజ్జిగ వంటిదే. మధ్యాహ్న భోజనాంతమున మేలు. ఖర్జూరం బలకరమే గాని గురుపదార్థం. రెండు మూడు చాలు. మధుమేహులు మరింత మితం పాటించాలి. ఎండలో శ్రమించేవారు దాహమయ్యేదాకా ఆగక నీరు త్రాగుతుండాలి.

గృహిణులకు ఒక హెచ్చరిక. అతిసారానికి, నిద్రకు మనం ఇంటివైద్యంలో వాడే గసగసాలను ప్రయాణపు మూటలో కట్టకండి. ఆ దేశాలలో అవి మాదకద్రవ్యంగా నిషిద్ధం. పట్టుబడితే చెరసాల పాలు కావచ్చు. మసాలాపొడిలో కలిసి ఉన్నాయేమో కూడా చూసి మరీ పంపండి.