పరాయి దేశం డబ్బు, మన పిల్లకాయల చదువు



"ఫారిన్ డబ్బు వచ్చిందంట." ఈ మాట మన ఊళ్లలో అప్పుడప్పుడు వింటుంటాం. ఎక్కడో బడికి గదులు కట్టారంటారు. ఎక్కడో పిల్లలకు హాస్టలు పెట్టారంటారు. ఆ డబ్బు ఎవరిది? సముద్రాలు దాటి ఎట్లా వస్తుంది? పేదపిల్లలకు దాని వల్ల మేలు జరుగుతుందా? ఒక్కోసారి కీడు కూడా జరుగుతుందా? ఈ పాఠంలో ఆ సంగతులు తెలుసుకుందాం.

ముందు మన రూపాయి సంగతి

దూరం పోయే ముందు మన జిల్లా సంగతే ఒకటి గుర్తు చేసుకుందాం. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారాయి వద్దన్నారు. దూబగుంట మన వరికుంటపాడుకు మరీ దూరమేమీ కాదు. రాత్రిబడిలో అక్షరాలు దిద్దిన వాళ్లే ఆ పోరాటం నడిపారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారాయి ఆగిపోయింది.

ఆ పోరాటం వెనకే మన నెల్లూరు జిల్లాలో పొదుపులక్ష్మి వచ్చింది. రోజుకు ఒక రూపాయి దాచడం. ఒక్క రూపాయిని చూస్తే ఏముంది? కానీ పదిహేను మంది కలిస్తే నెలకు 450 రూపాయలు. ఏడాదికి 5,400 రూపాయలు. ఆ డబ్బు ఒక బిడ్డ జబ్బుకో, ఒక ఇంటి గేదెకో అక్కరకు వచ్చేది.

పొదుపు ఎందుకు నిలబడింది? మూడు కారణాలు. ఒకటి, ప్రతి ఒక్కరూ కొంచెమే వేశారు. రెండు, చాలామంది వేశారు. మూడు, లెక్క అందరి ముందూ చెప్పారు. ఈ మూడు మాటలూ మనసులో పెట్టుకోండి. పరాయి దేశం డబ్బును కూడా వీటితోనే కొలుద్దాం.

అమెరికాలో చదువుకునే కుర్రకారు

1991వ సంవత్సరం. అమెరికాలో మేరీలాండ్ అనే చోట ఒక విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ కూచిమంచి రవి అనే మన తెలుగు యువకుడు పెద్ద చదువు చదువుతున్నాడు. ఆయన, మరికొందరు విద్యార్థులు కలిసి ఒక సంస్థ పెట్టారు. దాని పేరు అసోసియేషన్ ఫర్ ఇండియాస్ డెవలప్‌మెంట్. పొట్టిగా 'ఎయిడ్' అంటారు. ఎయిడ్ అంటే సాయం అని అర్థం. ఎయిడ్స్ జబ్బుకూ దీనికీ ఏమీ సంబంధం లేదు.

అదే 1991లో కాలిఫోర్నియా రాష్ట్రంలో బర్క్‌లీ అనే ఊళ్లో చదివే మన దేశపు విద్యార్థులు ఇంకో సంస్థ పెట్టారు. దాని పేరు 'ఆశా'. పేదపిల్లల చదువు కోసమే అది పుట్టింది.

వీళ్లు కోటీశ్వరులా? కాదు. చదువుకునే వాళ్లు. విశ్వవిద్యాలయం ఇచ్చే కొద్దిపాటి డబ్బుతో బతికే వాళ్లు. మరి సాయానికి డబ్బు ఎట్లా వచ్చింది? మన పొదుపు మాదిరే. తలా కొంచెం వేశారు. పాటకచేరీలు పెట్టి టిక్కెట్లు అమ్మారు. తెలిసిన ప్రతి ఒక్కరినీ అడిగారు.

వాళ్లు చేసే పని ఇంకొకటి ఉంది. వింటే మనకు విచిత్రంగా ఉంటుంది. 42 కిలోమీటర్ల పరుగు పందెం. దాన్ని మారథాన్ అంటారు. పరిగెత్తే వాళ్లు నెలల తరబడి సాధన చేస్తారు. "నేను ఇంత దూరం పరిగెత్తుతాను. పిల్లల చదువుకు మీరెంత ఇస్తారు?" అని స్నేహితులను, తోటి ఉద్యోగులను అడుగుతారు. వాళ్లు తోచింది ఇస్తారు. మన దగ్గర మొక్కుకుని కాలినడకన కొండకు పోతారు కదా! ఇక్కడ మొక్కు దేవుడికి, అక్కడ మొక్కు బడికి.

అమెరికాలో కొన్ని కంపెనీలకు ఇంకో పద్ధతి ఉంది. ఉద్యోగి పదివేలు ఇస్తే, కంపెనీ కూడా పదివేలు కలుపుతుంది. ఆ విధంగా చిన్న మొత్తం పెద్దదవుతుంది.

డబ్బు పోగైతే చాలదు. ఎవరికి ఇవ్వాలో తేల్చాలి. సెలవు రోజున వీళ్లంతా ఒకచోట కూర్చుంటారు. మన దేశం నుంచి వచ్చిన అర్జీలు చదువుతారు. "ఈ బడిలో ఎంతమంది పిల్లలు? టీచరు జీతం ఎంత?" అని ప్రశ్నలు వేస్తారు. ఎవరన్నా సెలవులకు ఇంటికి వస్తే, ఆ ఊరికి పోయి చూసి వస్తారు. చూశారా, అక్కడా గ్రూపు మీటింగే!

డబ్బు ఒక్కటే చాలదు

కొన్నాళ్లకు రవి, ఆయన భార్య పిల్లలమర్రి అరవింద మన దేశం వచ్చి పల్లెల్లో పనిచేశారు. మహారాష్ట్రలో బిల్‌గావ్ అనే అడవి పల్లె ఉంది. అక్కడ ఆదివాసీలు ఉంటారు. ఆ ఊరికి కరెంటు లేదు. ఊరి పక్కన వాగు మాత్రం పారుతోంది. వాగు నీళ్లతో కరెంటు తీయాలనుకున్నారు. కేరళ నుంచి ఇంజనీర్లు వచ్చారు. ఎయిడ్ డబ్బు ఇచ్చింది. మరి కాలవ తవ్వింది, రాళ్లు మోసింది ఎవరు? ఊరి జనం. కూలి తీసుకోకుండా శ్రమదానం చేశారు. 2003లో ఊరి బడిలో, ఇళ్లలో దీపాలు వెలిగాయి. 2004లో వచ్చిన 'స్వదేశ్' అనే హిందీ సినిమాలో ఇట్లాంటి కథే చూపించారు.

కథ అక్కడితో అయిపోలేదు. 2006లో నర్మదా ఆనకట్ట నీళ్లు వెనక్కి తన్ని ఆ కరెంటు కేంద్రం మునిగిపోయింది. ఎంత కష్టం! అయినా ఒక సంగతి రుజువైంది. బయటివాళ్లు డబ్బు ఇవ్వగలరు. పని నిలబెట్టేది మాత్రం ఊరే.

బడి బయట ఉన్న బిడ్డ

మన తెలుగు నేల మీద దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. అది మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్. 1981లో పెట్టారు. వెంకటరంగయ్య గారు మన నెల్లూరు జిల్లాలో పుట్టిన పండితుడు. ఆ సంస్థను నడిపిన శాంతా సిన్హా గారు కూడా నెల్లూరులోనే పుట్టారు.

1991 నుంచి ఈ సంస్థ రంగారెడ్డి జిల్లాలో పిల్లల పని పట్టించుకుంది. అప్పు కింద జీతానికి కుదిరిన పిల్లలు. పశువులు కాసే పిల్లలు. ఇంట్లో చెల్లెల్ని ఎత్తుకుని ఉండిపోయిన ఆడపిల్లలు. సంస్థ ఒక మాట గట్టిగా చెప్పింది. బడికి పోని ప్రతి బిడ్డా పనిలో ఉన్న బిడ్డే. ఇంటిపని చేసే ఆడపిల్ల కూడా ఆ లెక్కలోనే వస్తుంది.

"పేదవాళ్లు పిల్లల్ని బడికి పంపరు" అని చాలామంది అనేవాళ్లు. అది తప్పని ఈ పని చూపించింది. పేద తల్లి కూడా బిడ్డ చదువు కోరుతుంది. దారి తెలియక ఆగిపోతుంది. పదేళ్ల పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెడితే ఆ పిల్ల సిగ్గుపడి పారిపోతుంది. అందుకని శిబిరాలు పెట్టారు. కొన్ని నెలలు అక్కడ ఉంచి చదువు చెప్పారు. తర్వాత వయసుకు తగిన తరగతిలో చేర్చారు. ఊళ్లో యువకులు, టీచర్లు, పంచాయతీ పెద్దలు ఇంటింటికీ తిరిగారు.

ఈ పనికి కేంద్ర ప్రభుత్వం డబ్బు ఇచ్చింది. హాలండ్ దేశంలోని హివోస్ వంటి సంస్థలు కూడా ఇచ్చాయి. ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్లు హాలండ్‌లో ఇచ్చిన డబ్బు, రంగారెడ్డి జిల్లాలో పశువుల వెంట తిరిగే పిల్ల చేతికి పలకగా వచ్చింది. 2003లో శాంతా సిన్హా గారికి రామన్ మెగసెసే అవార్డు వచ్చింది.

ఒక్క విషయం గమనించండి. శిబిరం కొన్ని నెలలే. బిడ్డ చివరికి చేరింది మామూలు సర్కారు బడికే. బిడ్డ ఎక్కడుందో తల్లికి తెలుసు. పోయి చూడగలదు.

అదే సాయం కీడు చేసిన కథ

ఇప్పుడు మన పక్క దేశం నేపాల్ పోదాం. అది కొండల దేశం. అక్కడ హుమ్లా అనే జిల్లా ఉంది. చాలా మారుమూల. 1996 నుంచి 2006 దాకా ఆ దేశంలో అంతర్యుద్ధం జరిగింది. తల్లిదండ్రులు పిల్లల గురించి భయపడ్డారు. అప్పుడు దళారులు వచ్చారు. "పట్నంలో మంచి బడిలో చేరుస్తాం. మాకు డబ్బు ఇవ్వండి" అన్నారు. తల్లిదండ్రులు ఉన్నది అమ్మి ఇచ్చారు. పిల్లల్ని పంపారు.

పట్నంలో ఏం జరిగింది? బడి లేదు. "వీళ్లు అనాథలు" అని దొంగ కాగితాలు పుట్టించారు. పిల్లల్ని విదేశీయులకు చూపించారు. విదేశాల్లో మంచి మనసున్న కుర్రవాళ్లు ఆ ఫొటోలు చూసి చందాలు పోగుచేసి పంపారు. ఆ డబ్బు కొందరు హోముల యజమానుల జేబుల్లోకి పోయింది. డబ్బు వచ్చేకొద్దీ ఇంకా పిల్లలు కావాలి. అందుకని దళారులు మళ్లీ కొండలెక్కారు. చూశారా? ఇచ్చినవాళ్లది మంచి మనసే. ఎవరూ లెక్క అడగలేదు. తల్లి బతికి ఉండగానే బిడ్డ అనాథ అయింది.

కానర్ గ్రెన్నన్ అనే అమెరికా యువకుడు 2004లో నేపాల్ వచ్చాడు. ఖాట్మండు దగ్గర ఒక అనాథల ఇంట్లో పనిచేశాడు. ఆ ఊరి పేరు కూడా గోదావరే. ఆ పిల్లలకు తల్లిదండ్రులు ఉన్నారని తర్వాత తెలిసింది. ఆయన అమెరికాలో స్నేహితుల దగ్గర డబ్బు పోగుచేసి 2006లో ఒక సంస్థ పెట్టాడు. పిల్లల ఫొటోలు పట్టుకుని హుమ్లా కొండల్లో నడిచాడు. తల్లిదండ్రులను వెతికాడు. బిడ్డ ఫొటో చూసిన ఆ తల్లులకు ఎట్లా ఉండి ఉంటుందో మనకు ఒకరు చెప్పాలా?

అదే డబ్బు. అదే మంచి మనసు. ఒకసారి బిడ్డను తల్లి నుంచి విడదీసింది. ఇంకోసారి కలపడానికి పనికొచ్చింది. తేడా ఎక్కడ ఉంది? నిజం కనుక్కోవడంలో ఉంది. తల్లిని అడగడంలో ఉంది.

చట్టం ఏం చెబుతుంది?

విదేశాల డబ్బు తీసుకునే సంస్థ కేంద్ర ప్రభుత్వం అనుమతి తీసుకోవాలి. దీనికి 2010లో చేసిన చట్టం ఉంది. 2020లో దాన్ని మార్చారు. ఇప్పుడు ఆ డబ్బు ముందుగా ఢిల్లీలో స్టేట్ బ్యాంకు శాఖలో ఉన్న ఖాతాకు రావాలి. ఒక సంస్థ ఆ డబ్బును ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. ఆఫీసు ఖర్చు వందకు 20 రూపాయలు దాటకూడదు. ఏటా లెక్క చూపించాలి.

అనాథ పిల్లల్ని, దిక్కులేని పిల్లల్ని పెట్టుకునే ప్రతి హోమూ 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద రిజిస్టరు కావాలి. ప్రతి జిల్లాలో బాలల సంక్షేమ కమిటీ ఉంటుంది.

ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా ప్రతి బిడ్డకూ ఉచితంగా చదువు చెప్పాలి. ఈ చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. ఆడపిల్లలు ఉండి చదువుకోవడానికి ప్రభుత్వ కస్తూర్బా బాలికా విద్యాలయాలు ఉన్నాయి. కాబట్టి బిడ్డ చదువు కోసం ముక్కూ మొహం తెలియని మనిషి చేతిలో బిడ్డను పెట్టాల్సిన పని లేదు.

మనం అడగాల్సిన మాటలు

ఎవరన్నా వచ్చి, "మీ బిడ్డను పట్నం తీసుకుపోయి చదివిస్తాం, ఫారిన్ వాళ్లు ఖర్చు పెట్టుకుంటారు" అంటే మొహమాటపడవద్దు. ఇవి అడగండి.

మీ సంస్థ పేరు ఏంది? రిజిస్టరు కాగితం ఏది?

బిడ్డ ఏ ఊళ్లో ఉంటుంది? ఏ బడిలో చదువుతుంది?

నేను ఎప్పుడైనా వచ్చి చూడవచ్చా? బిడ్డతో ఫోన్లో మాట్లాడవచ్చా?

ఈ కాగితంలో ఏం రాశారు? నేను చదివిన తర్వాతే సంతకం పెడతాను.

"తల్లీ తండ్రీ లేరు" అని రాసిన కాగితం మీద ఎంత ఆశపెట్టినా సంతకం పెట్టవద్దు. వేలిముద్ర అసలే వేయవద్దు. నిజంగా సాయం చేసేవాళ్లు ఈ ప్రశ్నలకు కోపం తెచ్చుకోరు. సంతోషంగా జవాబు చెబుతారు. కోపం వచ్చిందంటే అనుమానించండి.

అనుమానం వస్తే 1098కి ఫోన్ చేయండి. అది పిల్లల కోసం పెట్టిన నంబరు. డబ్బు పడదు. పగలూ రాత్రీ పలుకుతారు. బడి టీచరుకు, అంగన్‌వాడీ టీచరుకు కూడా చెప్పండి.

అక్కలారా! దూరదేశంలో ఉండి మన పిల్లల కోసం పరిగెత్తే కుర్రవాళ్లు ఉన్నారు. వాళ్లకు దండం పెడదాం. వాళ్ల సాయం మన ఊరికి వస్తే కాదనవద్దు. కానీ వాళ్లు మన బిడ్డ మొహం ఫొటోలోనే చూస్తారు. రోజూ చూసేది మనం. మేకల వెంట పోయే పిల్లవాడు, పొగాకు పనికి పోయే పిల్ల ఎవరో వాళ్లకు తెలియదు. మనకు తెలుసు. ఆ బిడ్డ చెయ్యి పట్టుకుని బడి గడప దాటించడానికి ఏ దేశం డబ్బూ అక్కర్లేదు.

మాట్లాడుకోండి

1. మన ఊళ్లో బడికి పోని పిల్లకాయలు ఎంతమంది? వాళ్ల పేర్లు రాయండి.

2. ఒక్కో బిడ్డ ఎందుకు మానేసింది? పేరు పక్కన కారణం రాయండి.

3. మన సంఘం నుంచి ఎవరు, ఏ ఇంటికి, ఏ రోజు పోతారు?

4. మన ఊరి పిల్లల్ని ఎవరన్నా బయటికి తీసుకుపోయారా? ఇప్పుడు ఎక్కడున్నారు? తల్లి చూసి వచ్చిందా?