బిళ్లల పందెం: 70కి 70 ఎవరికి?

నల్లగొండ జిల్లా చిట్యాలలో విజయవాడ బస్సెక్కి, సూర్యాపేటలో దిగి, జనగామ రోడ్డు పడితే ఫణిగిరి. 2024లో అక్కడి బౌద్ధ క్షేత్రం తవ్వకాల్లో ఒక మట్టికుండ బయటపడింది. ఎత్తు 15 సెంటీమీటర్లు, అంటే జానెడుకు తక్కువే. లోపల 3,730 సీసం నాణేలు! ఒక్కోటి సగటున 2.3 గ్రాములు, మొత్తం తూకం ఎనిమిదిన్నర కిలోలు. బొమ్మ వైపు ఏనుగు, బొరుసు వైపు ఉజ్జయిని గుర్తు. ఇక్ష్వాకుల కాలం నాటివి. వయసు సుమారు 1,700 ఏళ్లు.

లెక్కలో దీన్ని తలదన్నే ఊరు పెద్దపల్లి జిల్లా పెద్దబంకూరు. అక్కడ ఒక్కచోట దొరికిన శాతవాహన నాణేలు సుమారు 22 వేలు. ఫణిగిరి కుండలు దాదాపు ఆరు!

వెండి సంగతికొస్తే నల్లగొండ జిల్లా ఏం తక్కువ తినలేదు. అక్కనపల్లిలో దొరికిన కుప్పలో 1,531 రోమన్ వెండి దీనారాలు. అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల ముఖాలు అరేబియా సముద్రం దాటి, తెలంగాణ ఎర్రమట్టిలో రెండు వేల ఏళ్లు నిద్రపోయాయి.

ఇక సగం నాణేల్లో, అంటే అర్ధ డాలరు, అర్ధ రూపాయి లాంటివాటిలో, బరువు పందెం పెడితే గెలుపు అమెరికా పాత వెండి అర్ధ డాలరుది. తూకం 12.5 గ్రాములు, అందులో 90 శాతం వెండి. బ్రిటిష్ ఇండియా ‘కల్దార్’ అర్ధ రూపాయి 5.83 గ్రాములు, వెండి 91.7 శాతం. నిజాం హాలీ సిక్కా అర్ధ రూపాయి 5.59 గ్రాములు, వెండి 81.8 శాతమే. అసలు వెండి తీసి తూస్తే ఒక అర్ధ డాలరుకు రెండున్నర హాలీ అర్ధ రూపాయలు సరితూగుతాయి. 7 హాలీ రూపాయలిస్తే 6 కల్దార్ రూపాయలు రావడం ఊరికే కాదు మరి.

లోకంలోకెల్లా కఠినమైన పరీక్ష ఏదంటే పోటీ పరీక్షల కుర్రాళ్లు ఏవేవో పేర్లు చెబుతారు. నాణేల వాళ్లను అడగండి. విలియం షెల్డన్ అనే నాణేల నిపుణుడు 1949లో పెట్టిన కొలబద్ద ఒకటి నుంచి 70 దాకా. చేతులు మారి అరిగిన నాణెం 60కి చేరదు. టంకశాల గడప దాటాక వాడకానికే రానిది 60 నుంచి పైకి. అయిదింతలు పెద్దది చేసి చూసినా గీత, మచ్చ కనబడకపోతేనే 70. 1986లో పుట్టిన పీసీజీఎస్, 1987లో పుట్టిన ఎన్‌జీసీ అనే సంస్థలు ఈ మార్కులు వేసి, నాణేన్ని ప్లాస్టిక్ డబ్బీలో బిగించి పంపుతాయి. ఆపైన సేకరించేవాళ్లకు ర్యాంకుల పట్టిక. అర్ధ డాలర్లలో ఏ ఏడాదీ తప్పకుండా, ఏ టంకశాలా వదలకుండా వరస పూర్తిచేసినవాళ్లు ఇక మార్కుల కోసం కుస్తీ పడతారు. 66 ఉన్న చోట 67 పెట్టడానికి ధర ఎన్ని రెట్లు పలికినా వెనక్కి తగ్గరు. అరుదైన నాణేనికి పట్టికలో బరువు కూడా ఎక్కువే.

ఈ పరీక్షలో మన ఇళ్లలోని వెండి బిళ్లలు తప్పేది ఎక్కడో తెలుసా? చింతపండు దగ్గర! పండక్కి తళతళలాడేలా తోమితే టంకశాల పెట్టిన సహజ కాంతి పోతుంది. అది పోయిందంటే ఏ తంటాలు పడ్డా తిరిగి రాదు. దండకు గుచ్చడానికి కొక్కెం అతికించిన రూపాయలదీ అదే గతి: మార్కే ఉండదు, ‘దెబ్బతిన్నది’ అన్న మాటే రాస్తారు. నన్నడిగితే, ఆ దండలు వేసుకున్న మెడలకే మార్కులివ్వాలి. కానీ పందెం రూలు పందెం రూలే.

అతి చిన్న తేడాకు కిరీటం హైదరాబాదుదే. సైఫాబాద్ టంకశాల 1903లో మొదలయ్యాక నిజాం నాణెం మీదికి చార్మినార్ ఎక్కింది. భూతద్దం పెట్టి నడిమి కమానులోకి చూడండి. ద్వారంలో ఉర్దూ అక్షరం ‘మీమ్’ ఉంటే మహబూబ్ అలీ ఖాన్ కాలం. ‘ఐన్’ ఉంటే 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్ కాలం. అందులోనూ హిజ్రీ 1329, 1330 నాటి బిళ్లల్లో ఐన్ పొట్టిది. ఆ తర్వాతవాటిలో నిండుది. సేకరణలో పొట్టి ఐన్ వేరు, నిండు ఐన్ వేరు. రెండూ లేనిదే వరస పూర్తికాదు. అమెరికాలోనూ ఇదే పిచ్చి: 1964 కెనెడీ బొమ్మ అర్ధ డాలరు ప్రూఫ్ (సేకరించేవాళ్ల కోసం ప్రత్యేకంగా కొట్టిన) నాణేల్లో చెవి పైన వెంట్రుకల గీతలు కాస్త లోతుగా పడ్డవాటికి వేరే పేరు, వేరే ధర.

అరుదులో మేటి 1838 నాటి న్యూ ఆర్లియన్స్ అర్ధ డాలరు. కొట్టింది 20 అంటారు. మిగిలినవి డజనుకు లోపే. 1796, 1797 రెండేళ్లూ కలిపినా కొట్టిన అర్ధ డాలర్లు 3,918 మాత్రమే.

దీనికి పూర్తిగా అటు చివరన 1964 కెనెడీ బిళ్ల. ఒక్క ఏడాది తేదీతో 42 కోట్ల 95 లక్షలు! ఒకదాని మీద ఒకటి పేర్చితే 920 కిలోమీటర్లు. 20 మీటర్ల తాటిచెట్లయితే 46 వేలు నిలువునా నిలబెట్టాలి.

అదే 1964లో మన దేశమూ తన మొట్టమొదటి స్మారక నాణేలు కొట్టింది. నెహ్రూ ముఖంతో రూపాయి, దాంతోపాటు అర్ధ రూపాయి! అటు కెనెడీ పోయింది 1963 నవంబరులో, ఇటు నెహ్రూ పోయింది 1964 మేలో. ఇద్దరూ సగం నాణెం మీదికి ఎక్కారు. మనది నికెల్, 5 గ్రాములు. పేరు హిందీలో ఉన్నదొకటి, ఇంగ్లీషులో ఉన్నదొకటి. వరస కట్టేవాళ్లకు రెండూ కావాలి.

అల్పాయుష్షుకు బహుమతి రాగి-నికెల్ ఎనిమిదణాల బిళ్లకి. 1919లో పుట్టింది, 1920తో సరి. దొంగ బిళ్లలు కుప్పలుగా రావడంతో వెనక్కి తీసుకున్నారు. 1911 జార్జి రూపాయిదీ పొట్టి ఆయుష్షే. రాజుగారి అంగీ మీది ఏనుగు పందిలా కనిపిస్తోందని గొడవ లేచింది. 94 లక్షలు కొట్టి, 7 లక్షలే బయటికి వదిలి, మిగతావి కరిగించారు. బొమ్మలో చిన్న తొండం సరిగా కుదరకపోతే వచ్చిన ఖర్చు అది!

భారీతనంలో పాత చాంపియన్ జహంగీర్ 1613లో ఆగ్రాలో కొట్టించిన వెయ్యి తులాల బంగారు మొహరు. అడ్డంగా 20.3 సెంటీమీటర్లు, బరువు 11,935.8 గ్రాములు, తక్కెడలో 2,135 హాలీ అర్ధ రూపాయలు పోయాలి. నిజాం వంశం చేతికి చేరి, 1987లో జెనీవా వేలంలో తళుక్కుమని, మళ్లీ జాడ లేకుండా పోయింది. కొత్త చాంపియన్ ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఉంది: 2011లో చేసినది, 1,012 కిలోల బంగారం, 80 సెంటీమీటర్ల అడ్డుకొలత. దీన్ని జేబులో వేసుకునే మొనగాడు ఇంకా పుట్టలేదు.

ధరలో తిరుగులేనిది అమెరికా 1933 నాటి 20 డాలర్ల బంగారు నాణెం. 2021 వేలంలో కోటీ 88 లక్షల డాలర్లు దాటింది. వెండిలో 1794 నాటి డాలరు 2013లోనే కోటి డాలర్ల గీత దాటేసింది.

ఇవేవీ అందకపోయినా పందెంలో దిగడానికి ఒక్క రూపాయి చాలు. సంవత్సరం అంకె కింద చూడండి. వజ్రం గుర్తుంటే ముంబై, చుక్కయితే నోయిడా, ఏమీ లేకపోతే కలకత్తా. అయిదు మొనల నక్షత్రం ఉంటే అది మన హైదరాబాదుది. 1997 నుంచి చర్లపల్లిలో టంకశాల పనిచేస్తోంది. సైఫాబాద్ పాత టంకశాలలో 2022 నుంచి మ్యూజియం నడుస్తోంది. వెళ్లేముందు ఇంట్లోని బిళ్లల్ని తోమకండి.